నాలుగో స్తంభానికి పదహారు గాడులు

గాడి మిషను పని నేర్చుకోవాలని నా దగ్గరకు వచ్చే కుర్రాళ్లు మొట్టమొదట అడిగేది, దాని పళ్లెంలో ఎన్ని బెజ్జాలున్నాయని. టేకు ఎటు చీలుతుందని అడిగినవాడు ఒక్కడూ లేడు. కట్టరు ఎప్పుడు నూరాలని అడిగినవాడూ లేడు. బెజ్జాలు ఎన్ని ఎక్కువుంటే మిషను అంత గొప్పదని వాళ్లకు ఎవడో నూరిపోసి పంపుతాడు. నా కాలంలోనూ అలా నూరిపోసేవాళ్లు ఉండేవారు. వాళ్లలో ఒకరి దగ్గరే నేను జీతానికి చేరాను.

ఏలూరులో నలభై ఏళ్లపాటు కర్రని తిప్పి గుండ్రం చేసే తరిమెన పట్టి, గాడులు కోసి, చెయ్యి వణకడం మొదలయ్యాక మానుకున్నాను. నేనెప్పుడు హెడ్డు మేస్త్రినయ్యాను, ఎవరు శాలువా కప్పారు లాంటి సంగతులు ఇందులో రాయను. అవి చదివి మీరు బాగుపడేది ఏమీ లేదు. పందొమ్మిది వందల ముప్ఫైలలో, పాతికేళ్ల వయసులో, నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. దానివల్ల నాకు పని నేర్పిన మనిషికి పని పోయింది. పళ్లెం మీద గుర్తులు ఎలా పెట్టుకోవాలో కూడా ఆ కథలోనే వస్తుంది. అది ఒక్కటే కావాలంటే చివరి భాగం చదువుకుని వెళ్లిపోండి. మీలో సగం మంది ఎలాగూ ఆ పనే చేస్తారు.

చిల్లుల పళ్లెం

తెలియనివాళ్ల కోసం ముందు మిషను సంగతి చెప్తాను. పందిరి మంచం స్తంభాన్నో, మేడమెట్ల కటకటాల కర్రనో తరిమెన మీద గుండ్రంగా చేశాక, దాని ఒంటిమీద పైనుంచి కిందికి నిలువుగా గాడులు కోస్తారు. గాడికీ గాడికీ మధ్య మిగిలేది గట్టు. గట్లన్నీ ఒకే వెడల్పున ఉండాలి. అందుకని స్తంభం చివర ఒక ఇత్తడి పళ్లెం బిగిస్తారు. పళ్లెం అంచు చుట్టూ వరసగా బెజ్జాలు ఉంటాయి. మిషనుకున్న ఉక్కు పిన్ను ఒక బెజ్జంలో దిగితే స్తంభం ఇక కదలదు. ఒక గాడి కోస్తాం. పిన్ను లాగి, పళ్లెం తిప్పి, లెక్కప్రకారం ఇంకో బెజ్జంలో దించుతాం. మళ్లీ గాడి కోస్తాం. ఇంతే విద్య. మా పళ్లేనికి నలభై ఎనిమిది బెజ్జాలు. పన్నెండు గాడులు కావాలంటే ప్రతిసారీ నాలుగు బెజ్జాలు జరపాలి. ఎనిమిది కావాలంటే ఆరు.

మా షావుకారు రామలింగం గారిది అంతకుముందు ధాన్యం కొట్టు. కర్రసామాను వ్యాపారంలోకి దిగాక, ఎక్కడో కేటలాగులో బొమ్మ చూసి ఈ మిషను ఇంగ్లండు సీమ నుంచి తెప్పించారు. ఆయన దాన్ని ఆర్నమెంటల్ మిల్లు అనేవారు. మేము గాడి మిషను అనేవాళ్లం. ఊళ్లో పెద్దమనుషులెవరైనా వస్తున్నారని తెలిస్తే చాలు, పనాపి ఆ పళ్లేన్ని చింతపండుతో తోమమనేవారు. తళతళా మెరిసేది. వచ్చినవాళ్లు దాన్ని చూసి అబ్బో అనేవారు. పక్కనే ఉన్న స్తంభం వంక ఎవరూ చూసేవారు కారు.

ఆ మిషను మీద పనిచేసేవాళ్లం ఇద్దరం. మేస్త్రి వెంకన్న గారు, నేను. ఆయనది కొల్లేట్లో ఒక లంక. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, పడవలు బాగుచేస్తూ కర్రపని నేర్చుకున్న మనిషి. అరవైకి దగ్గరపడ్డారు, ఎడమ కంట్లో పొర మొదలైంది. కానీ ఆయన పని చూపుతో కాదు, చేత్తో నడిచేది. గాడి మీద బొటనవేలు ఒక్కసారి పోనిచ్చి, ఇక్కడ ఇంకో నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, లోతు కావాలి అనేవారు. కొలబద్ద పెట్టి చూస్తే అంతే ఉండేది.

పళ్లెం రాకముందు ఆయన కాగితం పట్టీతో పని నడిపేవారు. స్తంభం చుట్టూ కాగితం పట్టీ బిగించి, రెండు కొసలూ కలిసేచోట కత్తితో కోసేయాలి. విప్పితే ఆ స్తంభం చుట్టుకొలత మీ చేతిలో ఉన్నట్టే. దాన్ని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిస్తే నాలుగు భాగాలు. ఆ మడతని మూడుగా మడిస్తే పన్నెండు. విప్పి, గంజితో స్తంభానికి అంటించి, మడతలున్న చోటల్లా గుర్తు పెట్టుకోవడమే. మడవడానికి లొంగని ఐదుకీ ఏడుకీ ఇంకో దారి ఉంది. నేలమీద సుద్ద పూసిన దారంతో సమదూరంలో గీతలు కొట్టి, పట్టీని వాటిమీద ఏటవాలుగా పరుస్తారు. ఏడు భాగాలు కావాలంటే ఒక కొస మొదటి గీత మీద, రెండో కొస ఎనిమిదో గీత మీద ఉండాలి. ఎనిమిదో గీత ఎందుకని అడగకుండా ఏడో గీత మీద పెట్టేవాడు ఈ పనికి పనికిరాడు. అలా పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

పళ్లెం వచ్చిన కొత్తలోనే మేస్త్రి గారు షావుకారును అడిగారు.

"ఏవండీ, పన్నెండు గాడులకి నాలుగేసి బెజ్జాలకొక ఎర్ర చుక్క పెట్టుకుంటానండి. ఎనిమిదింటికి ఆరేసి బెజ్జాలకొక నల్ల చుక్క. ఇంక లెక్కపెట్టే గొడవే ఉండదండి."

"చుక్కలేంటి మేస్త్రీ, ముగ్గేస్తావా దానిమీద? సీమలో వాళ్లు చుక్కలు పెట్టుకునే కోస్తున్నారా? లెక్క రానివాళ్లకి గదా చుక్కలు."

"లెక్క వచ్చినా మరుపుంటుంది కదండీ."

"మరుపొచ్చేవాడు ఇంట్లో కూచోవాలి."

ఈ మాటన్న మనిషి జన్మలో ఒక్క గాడి కోసిన పాపాన పోలేదు. మేస్త్రి గారు అప్పటినుంచి పిన్ను మార్చే పని తానొక్కరే చేసేవారు. నన్ను ముట్టుకోనిచ్చేవారు కారు. కట్టరు నడపడం, నూరడం, పొట్టు ఊడ్వడం నా వంతు. నాకు చాలా ఉక్రోషంగా ఉండేది. పిన్ను లాగి దించడం కూడా ఒక బ్రహ్మవిద్యా అనుకునేవాణ్ణి.

మా నాన్న లెక్క

నాకు ఆ పని ఎందుకివ్వలేదో అప్పుడు తెలియదు. మా నాన్న దెందులూరు దగ్గర ఒక పల్లెలో కొలగాడు. అంటే కళ్లాల్లో రైతుల ధాన్యం కుంచంతో కొలిచి పెట్టే మనిషి. ధాన్యం కొలిచేవాడు మొదటి కుంచాన్ని ఒకటి అనడు, లాభం అంటాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, అలా సాగుతుంది. నేను నడక వచ్చినప్పటినుంచీ ఆ పాట వింటూ పెరిగాను. ఏది లెక్కపెట్టినా నా నోట్లో ముందు లాభమే వచ్చేది. మేకులు లెక్కపెట్టినా లాభమే, మెట్లు లెక్కపెట్టినా లాభమే. షాపులో వడ్రంగులు ఇద్దరు దానికి నవ్వేవారు. మేస్త్రి గారు నవ్వేవారు కారు, వినేవారు.

నాలుగో స్తంభం

తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు ఉన్న భద్రయ్య గారు తమ తల్లిగారి కోసం పందిరి మంచం చేయించుకున్నారు. టేకు స్తంభాలు నాలుగు, ఒక్కోదానికి పన్నెండు గాడులు. మూడు స్తంభాలు మేస్త్రి గారు కోశారు. నాలుగోదాని కర్రలో పగులు కనబడి, వేరే దుంగ కోసం ఆగాల్సి వచ్చింది. గూడెంలో మంచం బిగించే మనిషి తొందరపెడుతుంటే, ఉన్న మూడూ గడ్డిలో చుట్టి రైల్లో పంపేశారు. కొత్త దుంగ పడవ మీద కాలవకి వచ్చేసరికి షావుకారు గారు రాజమండ్రిలో ఉన్నారు, టేకు బేరానికి వెళ్లి.

సరిగ్గా అప్పుడే కొల్లేరు పొంగింది. మేస్త్రి గారి ఇంటి మట్టిగోడ కూలిందని కబురొచ్చింది. సెలవు అడగడానికి షావుకారు లేరు.

"నాలుగు రోజుల్లో వచ్చేస్తాను సూర్రావూ. స్తంభం గుండ్రం చేసి ఉంచు. గాడులు నేనొచ్చి కోస్తాను," అని చెప్పి వెళ్లారు.

స్తంభం గుండ్రం చేయడం ఒక్క పూటలో అయిపోయింది. మిగతా రోజులు చేతులు ముడుచుకుని కూచోవాలా అనిపించింది. కుర్రతనమని సర్దిచెప్పను. అది పొగరు. మేస్త్రి గారు వచ్చేసరికి పూర్తిచేసి చూపిద్దామని, పళ్లెం బిగించి పని మొదలుపెట్టాను. పిన్ను ఉన్న బెజ్జం మీద గోరు పెట్టి లాభం అనుకున్నాను. పక్కది రెండు, తరవాతది మూడు, ఆ పైది నాలుగు. నాలుగోదాన్ని పిన్ను కిందికి తెచ్చి దించాను. గాడి కోశాను. అలా చుట్టంతా తిరిగి వచ్చాను. ఆఖరి గాడి తరవాత పళ్లెం తిప్పితే పిన్ను మొదటి బెజ్జంలో వెంట్రుకవాసి తేడా లేకుండా దిగింది. తప్పు చేస్తే ఎక్కడో ఒకచోట ఎక్కువో తక్కువో మిగలాలి కదా. ఏమీ మిగల్లేదు. గట్లు కొంచెం సన్నంగా ఉన్నట్టనిపించింది. నాజూగ్గా వచ్చిందని మురిసిపోయాను. పక్కన పెట్టి పోల్చి చూద్దామంటే మిగతా మూడూ గూడెంలో ఉన్నాయి. ఎన్ని గాడులు పడ్డాయో లెక్కపెట్టాలని నా బుర్రకి తట్టలేదు. మర్నాడు గూడెం మనిషి వస్తే పాలిష్ పట్టించుకోమని ఇచ్చి పంపేశాను.

మేస్త్రి గారు వచ్చి, స్తంభం ఏదని అడిగారు. కోసి పంపేశానని చెప్పాను. ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, "సరే," అన్నారు.

దోమతెర తాడు

భద్రయ్య గారి తల్లిగారు మంచానికి దోమతెర కట్టించుకుంటూ, ఆ స్తంభానికి తాడు బిగించి ముడేయించారు. గట్టు పుటుక్కున విరిగింది. ఇంకో చోట కట్టించారు, అక్కడా విరిగింది. అప్పుడు చూసుకుంటే మూడు స్తంభాలు ఒక తీరు, నాలుగోది ఇంకో తీరు. పన్నెండు గాడులు ఉండాల్సిన చోట పదహారు. బొటనవేలంత ఉండాల్సిన గట్టు గోరంత మిగిలింది.

స్తంభం పాసింజరు బండిలో వెనక్కి వచ్చింది. అప్పటికి రాజమండ్రి నుంచి తిరిగొచ్చిన షావుకారు గారు దాన్ని షెడ్డు మధ్యలో నిలబెట్టించి అందర్నీ పిలిచారు.

"ఏం మేస్త్రీ, పన్నెండుకి పదహారు కోసేదాకా వచ్చిందన్నమాట చూపు."

మేస్త్రి గారు ముందుకు వచ్చి స్తంభం చుట్టూ చెయ్యి తిప్పారు. ఒక్కొక్క గాడిలో వేలు పెట్టి తడుముతూ చుట్టి వచ్చారు. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. పదహారు ఎలా పడ్డాయో నాకు అప్పటికి తెలియలేదు. కోసింది మాత్రం నేనే. ఆయన చెయ్యి తీసి, నావైపు తిరిగి నిలబడ్డారు. కోపంగా లేరు. ఊరికే నిలబడ్డారు. నేను తలొంచుకుని కట్టరు తుడవడం మొదలుపెట్టాను. దానికి మరకేమీ లేదు.

"సీమ పళ్లెం తప్పు చెప్పదు. తప్పు నీ కళ్లది. ఇంక ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకో," అన్నారు షావుకారు గారు.

"చిత్తమండి," అన్నారు మేస్త్రి గారు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, తన ఉలులు సంచిలో సర్దుకుని వెళ్లిపోయారు. వడ్రంగులిద్దరికీ ఆ నాలుగు రోజులు ఆయన ఊళ్లో లేరని తెలుసు. వాళ్లు కిక్కురుమనలేదు. అడగంది చెప్పడం తమ పని కాదనుకునే జాతి అది. వాళ్లని అనే హక్కు నాకుందా అంటే, లేదు. అయినా అంటాను.

ఆ సాయంత్రమే షావుకారు గారు మేస్త్రి గారి పీట మీద నన్ను కూచోమన్నారు. నాలుగో స్తంభం మళ్లీ కోసి ఇవ్వమన్నారు. కొత్త దుంగ తెప్పించారు. నేను దాన్ని గుండ్రం చేశాను. పళ్లెం బిగించాను. పిన్ను పట్టుకుని ఆగిపోయాను. ఎక్కడ తప్పానో తెలియనప్పుడు మళ్లీ తప్పననే నమ్మకం ఏమిటి? కట్టరు నూరడంతో ఒక రోజు, బెల్టు సరిచేయడంతో ఒక రోజు, మిషను నడిపే ఆయిల్ ఇంజను వంకతో ఒక రోజు గడిపాను. అలా పదకొండు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను.

లంకలో

పన్నెండో రోజు కొల్లేరు దారి పట్టాను. తప్పు ఒప్పుకుందామని వెళ్లానని రాస్తే బాగానే ఉంటుంది. కాదు. తప్పు ఎక్కడుందో తెలుసుకుని స్తంభం కోసుకుందామని వెళ్లాను.

దోనె మీద లంక చేరేసరికి మేస్త్రి గారు కూలిన గోడ మళ్లీ పెట్టుకుంటున్నారు. ఆయన భార్య నాంచారమ్మ గారు అరుగు మీద కూచుని వల అల్లుతున్నారు. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"రా బాబూ. మా ఆయన్ని సాగనంపి, మిగిలిన పని నేర్చుకుపోదామని వచ్చావా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె చేతిలో వల చూస్తూ నిలబడ్డాను. తెల్ల నూలు వలలో అక్కడక్కడా ఎర్ర దారం ముళ్లు కనిపించాయి.

"ఆ ఎర్ర ముళ్లు ఎందుకు పిన్నిగారూ?"

"ఇరవై కన్నులకొకటి. కబుర్లాడుకుంటూ అల్లుతాం, లెక్క ఎవరికి గుర్తుంటుంది? ఎర్ర ముడి చూసుకుంటే ఎక్కడున్నామో తెలుస్తుంది. ఇదేం పెద్ద విద్య కాదులే. మీ షావుకారుకి తెలియకపోతే మేమేం చేస్తాం."

మేస్త్రి గారు చేతులు కడుక్కుని వచ్చారు. నేనెందుకొచ్చానో ఆయనకు తెలిసినట్టే ఉంది. ఒడ్డున పడున్న నత్తగుల్లలు పట్టుకొచ్చి, నా ముందు ఒక వరసలో పేర్చారు.

"మొదటి గుల్ల దగ్గర నువ్వున్నావనుకో. నాలుగు దాటు."

నేను మొదటి గుల్ల మీద వేలు పెట్టాను. లాభం, రెండు, మూడు, నాలుగు. వేలు ఆపాను.

"ఇప్పుడు ఎన్నిసార్లు కదిలావో చూడు."

వెనక్కి వచ్చి చూసుకున్నాను. మూడుసార్లు. మళ్లీ చూసుకున్నాను. మూడే. నిలబడ్డ గుల్లనే లాభం అని లెక్కలో వేసుకున్నాను.

"కుంచంతో కొలిచేటప్పుడు మొదటి కుంచం కుంచమే. గింజలు రాశిలో పడతాయి. బెజ్జం దగ్గర అలా కాదు. నువ్వు నిలబడ్డది లెక్కలోకి రాదు, కదిలిందే వస్తుంది. నువ్వు లెక్కపెట్టలేదు సూర్రావూ, కొలిచావు. నాలుగేసి అనుకుని మూడేసి జరిపావు. నలభై ఎనిమిదిని మూడేసి చేస్తే పదహారు. చక్కగా మూసుకుంటుంది, అందుకే నీకు అనుమానం రాలేదు. అదే ఎనిమిది గాడుల పనైతే మూసుకునేది కాదు, నువ్వే పట్టుకునేవాడివి."

"మీకెప్పుడు తెలిసిందండీ?"

"తడిమిన రోజునే. పదహారు అనగానే తెలిసింది. నువ్వు లాభంతో మొదలెడతావని తెలిసే గదా నీకు పిన్ను ఇవ్వంది. దానికే చుక్కలు పెడతానన్నాను. ఆయన వినలేదు."

"మరి షావుకారు గారితో ఎందుకు చెప్పలేదండీ?"

మేస్త్రి గారు గుల్లలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టారు.

"నువ్వు చెప్తావేమోనని చూశాను."

నాంచారమ్మ గారు వల ఒళ్లోంచి దించారు. "ఈయన చూశాడు, నువ్వూ చూశావు. పొర మాత్రం ఈయన కంట్లోనే ఉందంట." తరవాత లోపలికి వెళ్లి నాకు కంచం పెట్టారు. చేపల పులుసు, వేడన్నం. సగంలోనే చెయ్యి ఆపాను. అది చూసి కూడా ఆవిడ తినమని బతిమాలలేదు. ఆ ఇంట్లో ఆ పూట నాకు దక్కాల్సిన మర్యాద అంతే.

షావుకారు కొలత

నేను ఏలూరు తిరిగొచ్చేసరికి షెడ్డులో భద్రయ్య గారు కూచుని ఉన్నారు. నాలుగో స్తంభం ఏమైందని గూడెం నుంచి స్వయంగా వచ్చారు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పటికీ చెప్పలేనని, ఇద్దరి ముందూ నోరు తెరిచాను.

"ఆ పదహారు గాడులు కోసింది నేనండి. మేస్త్రి గారు కాదండి. ఆ రోజుల్లో ఆయన లంకలో ఉన్నారండి."

షావుకారు గారు నన్ను ఎగాదిగా చూశారు. తరవాత ఆయన మొహం విప్పారింది.

"చూశారా భద్రయ్య గారూ, గురుభక్తంటే ఇదండి. గురువు తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఈ రోజుల్లో ఇలాంటి కుర్రాడు దొరుకుతాడా అండి?"

"భక్తి కాదండి, నిజమండి."

"ఊరుకోవోయ్. కుర్ర కళ్లు, సీమ పళ్లెం. తప్పెలా వస్తుంది?"

నా జన్మలో నన్ను ఎవరూ అంతలా మెచ్చుకోలేదు. ఆ మెచ్చుకోలు కన్నా చెంపదెబ్బ నయం. వడ్రంగులు కూడా తలలూపుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. పళ్లెం బిగించి ఉన్న మిషను దగ్గరికి వెళ్లాను.

"అయితే మీరే ఒకసారి జరపండి. పిన్ను ఈ బెజ్జంలో ఉంది. నాలుగు బెజ్జాలు జరపండి చాలు."

షావుకారు గారు నవ్వుతూ లేచారు. చొక్కా చేతులు మడుచుకున్నారు. ఆయనకు ఆ పళ్లెం ముట్టుకుని చూపించడమంటే సరదా. పిన్ను ఉన్న బెజ్జం మీదే ఉంగరం వేలు ఆనించారు. ఇరవై ఏళ్లు ధాన్యం కొట్టు నడిపిన గొంతు అది, దానంతటదే పలికింది.

"లాభం. రెండు. మూడు. నాలుగు. ఇదిగో, ఇందులో ఏముంది?"

భద్రయ్య గారి పెదాలు కూడా ఆయనతోపాటే కదలడం నేను చూశాను. రైసుమిల్లు మనిషి కదా. నేను సుద్దముక్కతో పిన్ను ఉన్న చోటు గీసి, ఆయన వేలున్న చోటు గీసి, మధ్యలో ఎన్నిసార్లు కదలాలో ఒక్కొక్కటే చూపించాను. మూడు. షావుకారు గారు మళ్లీ లెక్కపెట్టబోయి, మళ్లీ లాభం దగ్గరే మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయారు.

భద్రయ్య గారు కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వు ఆపుకుని అన్నారు.

"ఏవండీ షావుకారు గారూ, ఇది మేస్త్రి కంటికి పట్టిన పొర కాదండి. మనందరి నోటికి పట్టింది. ఆ మంచి మూడూ కోసిన చెయ్యెవరిదో ఆ చేత్తోనే నాలుగోది కోయించండి. లేదంటే ఆ మంచం నాకొద్దండి."

షావుకారు గారు క్షమించమని ఎవరినీ అడగలేదు. తప్పయిందనీ అనలేదు. "మేస్త్రిని రమ్మను," అని మాత్రం అని, చొక్కా చేతులు దించుకున్నారు. వారం తిరక్కుండానే, ఈ తప్పు తానే కనిపెట్టానని వచ్చినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టారు. మీ జీవితంలో ఇలాంటి షావుకార్లు ముగ్గురు నలుగురైనా తగులుతారు. వాళ్లతో వాదించకండి. వాళ్ల చేత ఒకసారి పిన్ను జరిపించండి.

టక్కుమనే చక్రం

మేస్త్రి గారు వచ్చే రోజుకి నేను పళ్లెం మీద చుక్కలు పెట్టి ఉంచాను. నాలుగేసి బెజ్జాలకొక ఎర్ర చుక్క, మొత్తం పన్నెండు. షావుకారు గారు చూసి మొహం తిప్పుకున్నారు. నా అంత మొనగాడు లేడనుకున్నాను. మేస్త్రి గారు పళ్లెం ముందు కూచుని, తల అటు వంచి ఇటు వంచి చూశారు.

"ఎక్కడ పెట్టావు సూర్రావూ చుక్కలు?"

ఇత్తడి మెరుపులో ఎర్ర చుక్క ఆయన కంటికి ఆనలేదు. ఎవరి కోసం పెట్టానో ఆ మనిషి కళ్లెలా ఉన్నాయో కూడా ఆలోచించకుండా పెట్టాను. నాకూ షావుకారుకీ తేడా ఏముందని అప్పుడు అనిపించింది. ఇప్పుడూ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

అప్పుడు ఇద్దరం కలిసి చేసిందే నేను మీకు చెప్పదలచుకున్న ఉపాయం. పళ్లెం పక్కన పెట్టేయండి. ఒక టేకు చెక్కని గుండ్రంగా కోసి, దాని అంచుకి కాగితం పట్టీ చుట్టి, కొసలు కలిసేచోట కోయండి. విప్పి పన్నెండుగా మడవండి. మళ్లీ అంటించి, మడత మడతకీ ఒక గంటు రంపంతో కోయండి. దాన్ని పళ్లెం బదులు స్తంభం చివర బిగించి, ఒక వెదురు బద్దని మిషను బల్లకి మేకుతో కొట్టి, దాని కొస అంచు మీద ఆనేలా వంచండి. స్తంభం తిప్పితే బద్ద ఒక గంటులోంచి లేచి తరవాత గంటులో టక్కుమని పడుతుంది. ఒక టక్కుకి ఒక గాడి. బద్ద సందు లేకుండా బిగువుగా కూచోవాలి, ఊగితే గాడి వంకర పోతుంది. ఎనిమిది గాడులకి వేరే చక్రం, ఆరింటికి వేరే చక్రం. ఒక్కో చక్రానికి ఒకటే లెక్క. అప్పుడు మీరు లెక్కపెట్టనక్కర్లేదు, గుర్తుపెట్టుకోనక్కర్లేదు, కళ్లు కూడా అంతగా అక్కర్లేదు. పళ్లెమే వాడతామంటే చుక్కలు పెట్టండి. మసక కళ్లవాళ్లుంటే చుక్క బదులు పక్కన ఒక చిన్న మేకు తల నిలపండి, వేలికి తగులుతుంది. పనయ్యాక గాడులు ఎన్ని పడ్డాయో ఒకసారి లెక్కపెట్టండి. మూసుకున్నంత మాత్రాన సరైందని నమ్మకండి.

ఆ చక్రంతో మేస్త్రి గారు నాలుగో స్తంభం కోశారు. చెవి అటు పెట్టి, టక్కు వినగానే నాకు తలూపేవారు, నేను కట్టరు నడిపేవాణ్ణి. పన్నెండు గాడులు పడ్డాయి. స్తంభం గూడెం వెళ్లింది. ఆ మర్నాడు ఆయన ఉలుల సంచి నా పీట దగ్గర పెట్టి, "ఇవి నువ్వుంచుకో, నాకింక గోడ పనుంది," అని లంకకి వెళ్లిపోయారు. షావుకారు ఉండమనలేదు. నేను ఉండమన్నాను. గట్టిగా అనలేదు.

ఆ పదకొండు రోజులు నేను నోరెందుకు మెదపలేదని మేస్త్రి గారు ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఒక జవాబు తయారుచేసి పెట్టుకున్నాను: తప్పు ఎక్కడ జరిగిందో నాకే తెలియక ఊరుకున్నానండి, అని. అందులో ఎక్కడా ఎక్కువ తక్కువలు మిగలవు. పదహారు గాడుల్లాగే చక్కగా మూసుకుంటుంది. ఇన్నేళ్లూ దాన్ని నేనే నమ్ముతూ వచ్చాను. కానీ ఆయన స్తంభాన్ని తడిమి నావైపు తిరిగి నిలబడ్డ ఆ కాసేపట్లో, నా మనసులో ఉన్నది పదహారు ఎలా పడ్డాయన్న ఆలోచన కాదు. ఆయన వెళ్లిపోతే ఆ పీట నాదే అవుతుందని అనుకున్నాను.